మూడు సింహాలు లేని సీలు: ఒక పురపాలక సంఘం కేస్ స్టడీ

తెలుగు రాష్ట్రాల్లో ఒకదానిలోని పురపాలక సంఘం ఇది, ఈ వ్యవహారంలో దానికి సలహా ఇచ్చింది మేం. ఊరి పేరు, సంవత్సరం, అప్పట్లో సీట్లలో ఉన్నవారి వివరాలు ఇవ్వడం లేదు. ఊరి కొత్త చిహ్నంలో ఏ బొమ్మ ఉందో కూడా చెప్పం, చెబితే ఊరు తెలిసిపోతుంది.

నేపథ్యం

ఆ కార్యాలయంలో జాతీయ చిహ్నం వాడాలని ఎవరూ ఎప్పుడూ నిర్ణయించలేదు. డీటీపీ వచ్చిన కొత్తలో ఎవరో ఒక ప్రభుత్వ ఉత్తరాన్ని స్కాన్ చేసి, మూడు సింహాల బొమ్మను కత్తిరించి లెటర్‌హెడ్ మీద పెట్టారు. తర్వాత వచ్చిన ఆపరేటర్లు అదే ఫైలు వాడుకుంటూ పోయారు. లెటర్‌హెడ్ నుంచి రౌండ్ సీలుకి, అక్కడి నుంచి పన్ను నోటీసులకి, పొరుగు సేవల సిబ్బంది ఐడీ కార్డులకి, వెబ్‌సైటుకి, చైర్‌పర్సన్ కారు అద్దానికి, కౌన్సిలర్ల విజిటింగ్ కార్డులకి బొమ్మ పాకింది. చివరికి గేటు మీది సిమెంటు ఆర్చిలో కూడా మూడు సింహాలు వెలిశాయి. ఎక్కడా ఉత్తర్వు లేదు, కౌన్సిల్ తీర్మానం లేదు. ఇలాంటి కేసుల్లో ఫైలు దొరక్కపోవడం మామూలే. ఇక్కడ దొరకడానికి అసలు ఫైలే పుట్టలేదు.

సమస్య ఎలా బయటపడింది

సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు వచ్చింది. అందులో మూడు ప్రశ్నలు. లెటర్‌హెడ్ మీద జాతీయ చిహ్నం ఏ ఉత్తర్వు ప్రకారం వాడుతున్నారు? చైర్‌పర్సన్ కారు మీద ఏ నియమం ప్రకారం పెట్టారు? తైబజారు (వీధి వ్యాపారుల దగ్గర తీసుకునే రుసుము) వసూలు చేసే పాటదారు రసీదుల మీద మూడు సింహాలు వేసుకోవడానికి ఎవరు అనుమతించారు? మూడో ప్రశ్నకు ఒక రసీదు నకలు కూడా జతచేశారు.

ప్రజా సమాచార అధికారికి 30 రోజుల గడువు. ఆయన మొదటి రెండు ప్రశ్నలతో సతమతమయ్యారు గానీ, అసలు ప్రమాదం మూడో ప్రశ్నలో ఉంది. పురపాలక సంఘం ప్రభుత్వంలో భాగమా కాదా అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. పాటదారు మాత్రం వేలంలో హక్కు పాడుకున్న ప్రైవేటు వ్యాపారి. తోపుడు బండివాళ్ల దగ్గర ఆయన తీసుకునే డబ్బుకు ఆ బొమ్మ ప్రభుత్వ రూపం ఇస్తోంది.

మొదటి ప్రయత్నం: ఆనవాయితీ

వెళ్లిన జవాబు ఒక్క వాక్యం: "ఇది పూర్వం నుంచి వస్తున్న ఆనవాయితీ." దరఖాస్తుదారు మొదటి అప్పీలుకు వెళ్లారు. ఆ జవాబు ఎందుకు నిలబడదో చూడాలంటే చట్టాన్ని వరసగా చదవాలి.

భారత రాజ్య చిహ్నం దుర్వినియోగ నిషేధ చట్టం 2005లో వచ్చింది. దాని కింద వినియోగ నియమాలు 2007లో వచ్చాయి. చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం, ఒక కాగితం ప్రభుత్వానిదన్న భావన కలిగేలా చిహ్నాన్ని గానీ, దాన్ని తలపించే అనుకరణను గానీ ముందస్తు అనుమతి లేకుండా ఎవరూ వాడకూడదు. 4వ సెక్షన్ వ్యాపారం, వృత్తి అవసరాలకు వాడటాన్ని నిషేధిస్తుంది. 3ను ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అక్రమ లాభం కోసం 4ను ఉల్లంఘిస్తే జైలు ఆరు నెలలకు తగ్గదు. పాటదారు రసీదు పుస్తకం ఈ రెండో కోవలోకి వెళ్లగలదు. ప్రాసిక్యూషన్‌కు కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన అధికారి ముందస్తు మంజూరు కావాలి కదా, అంతదాకా రాదులే అని కార్యాలయంలో ఒక ధీమా వినిపించింది. మంజూరు ఇంకా రాలేదంటే కేసు నడవలేదని మాత్రమే అర్థం. వాడకం సక్రమమైందని కాదు.

చట్టంలో ఎక్కడా "పూర్వం నుంచి వాడుతున్నవారు తప్ప" అన్న వెసులుబాటు లేదు. పైగా 10వ నియమం ఎవరెవరు వాడకూడదో పేరు పెట్టి చెబుతుంది. ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకులు, మునిసిపల్ కౌన్సిళ్లు, పంచాయతీరాజ్ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, విశ్వవిద్యాలయాలు అందులో ఉన్నాయి, నియమాల కింద అధికారం పొందినవి మినహా.

ఆ "మినహా" దగ్గర కమిషనర్ కార్యాలయం ఒక వాదన తెచ్చింది. ఎవరెవరు వాడవచ్చో చెప్పే నియమాల మొదటి షెడ్యూలులో, రాష్ట్ర చట్టం ద్వారా ఏర్పడిన కమిషన్లు, అధికార సంస్థలు ఉన్నాయి. రాష్ట్రం తన చిహ్నంలో జాతీయ చిహ్నాన్ని చేర్చుకుని ఉంటే అవి వాడుకోవచ్చు. పురపాలక సంఘం కూడా రాష్ట్ర చట్టంతోనే ఏర్పడింది కదా? పైకి గట్టిగా కనిపించే వాదనే. కానీ ఒకే నియమావళిలో ఒకచోట మాట సాధారణంగా ఉండి, మరోచోట మునిసిపల్ కౌన్సిల్‌ను పేరు పెట్టి ఆపినప్పుడు పేరు పెట్టిన మాటకే బరువెక్కువ. పురపాలక సంఘాలు షెడ్యూలులోని ఆ మాట కిందికే వచ్చేట్టయితే వాటిని 10వ నియమంలో విడిగా చెప్పే పనే ఉండదు. శిక్ష ఉన్న చట్టంలో సందేహాన్ని మన వైపు తిప్పుకుని అచ్చు వేయించడం తెలివైన పని కాదన్నది మా సలహా.

రెండో ప్రయత్నం: బొమ్మను సరిచేయడం

ఈ సలహా అందకముందే ఇంజినీరింగ్ విభాగం మరో దారి పట్టింది. దరఖాస్తుకు జతచేసిన నకలులో బొమ్మ వికారంగా ఉంది కాబట్టి, అసలు అభ్యంతరం బొమ్మ తప్పుగా ఉండటమేనని వారు అనుకున్నారు. బొమ్మలో తప్పులున్న మాట నిజమే. చిహ్నం వాడే అధికారం ఉన్న కార్యాలయాల్లో కూడా ఇవే దొర్లుతుంటాయి కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

1950 జనవరి 26న స్వీకరించిన ఈ చిహ్నం సారనాథ్‌లోని అశోకుని సింహ శీర్షాన్ని ఒక వైపు నుంచి చూసిన రూపం. శిల్పంలో సింహాలు నాలుగు, వీపులు కలిపి నాలుగు దిక్కులకూ చూస్తుంటాయి. ఎదురుగా నిలబడితే మూడే కనిపిస్తాయి. వాటి కింది గుండ్రటి పీఠం చుట్టూ ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం ఉంటాయి, మధ్యమధ్య ధర్మచక్రాలు. చిహ్నంలో మనకు కనిపించేది పీఠం ముందు భాగమే: నడుమ చక్రం, కుడివైపు ఎద్దు, ఎడమవైపు పరుగెత్తే గుర్రం, రెండు అంచుల్లో చక్రాల గీతలు. శిల్పంలో పీఠం కింద ఉన్న గంట ఆకారపు పద్మాన్ని చిహ్నంలోకి తీసుకోలేదు. ముండకోపనిషత్తులోని "సత్యమేవ జయతే" దేవనాగరి లిపిలో కింద ఉంటుంది. అది చిహ్నంలో భాగమని చట్టం షెడ్యూలే చెబుతోంది. ఏనుగు ఎందుకు లేదు, చేరిస్తే పోలేదా అని ఒక కౌన్సిలర్ అడిగారట. ఏనుగు ఉంది, అవతలి వైపు ఉంది. దాన్ని ఇటు తెచ్చి అతికిస్తే అది సారనాథ్ శిల్పమూ కాదు, చట్టం చెప్పిన చిహ్నమూ కాదు.

ఆ ఊరి కాగితాల మీద దొరికిన తప్పులు ఇవి. లెటర్‌హెడ్ బొమ్మకు సత్యమేవ జయతే లేదు, స్కాన్ కత్తిరించినప్పుడే పోయింది. పన్ను నోటీసు మీద అదే మాట తెలుగు లిపిలో ఉంది. రౌండ్ సీలులో ఎద్దు ఎడమకు, గుర్రం కుడికి చేరాయి. సీలు అచ్చులో బొమ్మ తిరగబడి ఉండాలి, అప్పుడే కాగితం మీద సరిగ్గా పడుతుంది. ఆ తిప్పడం సీలు తయారుచేసేవారి పని. ఇక్కడ ఆపరేటర్ ముందే తిప్పి పంపారు, తయారీదారు మళ్లీ తిప్పారు. చుట్టూ ఉండే అక్షరాలను తయారీదారు సొంతంగా కూర్చుకున్నారు కాబట్టి అవి బాగానే పడ్డాయి, బొమ్మ ఒక్కటే కుడిఎడమలు తారుమారై పడింది. సత్యమేవ జయతే ఉండి ఉంటే అక్షరాలు తిరగబడటం చూసి ఎవరైనా పట్టుకునేవారు. అది లేకపోవడం వల్లే ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు.

ఇంకోటి చక్రం. 32 మి.మీ. సీలు మధ్యలో చిహ్నం ఎత్తు 12 మి.మీ. దాకా వస్తుంది, అందులో నడిమి చక్రం వ్యాసం 2 మి.మీ. దాటదు. చుట్టుకొలత 6.28 మి.మీ. 24 ఆకులు గీస్తే ఒక్కో ఆకుకూ దాని పక్క సందుకూ కలిపి 0.26 మి.మీ. మిగులుతుంది. అంత సన్నని గీత రబ్బరులో నిలవదు. నాలుగు రోజుల సిరాతో పూడిపోయి చక్రం కాస్తా నల్ల చుక్క అవుతుంది. అందుకే చట్టంలో రెండు రూపాలు ఇచ్చారు. మొదటి అనుబంధంలోని సరళమైన రూపం లెటర్‌హెడ్లు, సీళ్ల వంటి చిన్న సైజులకు. రెండో అనుబంధంలోని వివరమైన రూపం పెద్ద సైజులకు. గోడకు పెట్టే రూపాన్ని కుదించి సీలులో దించితే ఎంత మంచి తయారీదారైనా చేయగలిగేది లేదు.

ఇంజినీరింగ్ విభాగం ఇవన్నీ సరిచేయించి కొత్త లెటర్‌హెడ్ ప్రూఫు తెచ్చింది. చిహ్నం పైన నడిమధ్యన, సరైన రూపంలో, దేవనాగరితో ఉంది. చూడముచ్చటగా ఉంది. కానీ వాడే హక్కు లేనివారి చేతిలో బొమ్మ ఎంత సరిగ్గా ఉంటే 3వ సెక్షన్ చెప్పే "ప్రభుత్వానిదన్న భావన" అంత బలంగా కలుగుతుంది. ప్రూఫు దగ్గరే ఆపించాం. ఆ ఫైలు వృథా పోలేదు. అదే ప్రాంగణంలో ఉన్న ఒక రాష్ట్ర శాఖ కార్యాలయం తన పాత బొమ్మ తీసేసి దీన్ని పెట్టుకుంది.

మూడో ప్రయత్నం: కలిపి వేసిన లోగో

తర్వాత కౌన్సిల్ వైపు నుంచి రాజీ ప్రతిపాదన వచ్చింది. ఊరి గుర్తు మధ్యలో పెట్టి, పైన సింహాలను చిన్నగా, కేవలం రేఖల్లో, సత్యమేవ జయతే లేకుండా వేద్దామన్నారు. ఇంకొందరు అసలు గొడవే లేకుండా రాష్ట్ర ప్రభుత్వ రాజముద్ర పెట్టుకుందామన్నారు.

మొదటిది చట్టం చెప్పే "తలపించే అనుకరణ"కు సరిగ్గా సరిపోయే ఉదాహరణ. రేఖల్లో వేసినంత మాత్రాన చూసేవారికి సింహాలు సింహాలు కాకుండా పోవు. అవి గుర్తుపట్టాలనే కదా వేస్తున్నది. సత్యమేవ జయతే తీసేయడం కూడా రక్షణ కాదు, బొమ్మను అసంపూర్ణం చేయడమే. జాతీయ చిహ్నాన్ని మరో చిహ్నంలో ఇమిడ్చే వెసులుబాటును నియమాలు రాష్ట్ర, కేంద్రపాలిత ప్రాంత ప్రభుత్వాలకే ఇచ్చాయి. వాళ్లు కూడా రూపకల్పనకు కేంద్రం ఆమోదం ముందే తీసుకోవాలి.

రెండో సూచనలో చిక్కు అంత తేలిగ్గా కనబడదు. రెండు తెలుగు రాష్ట్రాల రాజముద్రల్లోనూ సింహ శీర్షం ఉంది. సింహాలు ఎక్కడుంటే కేంద్ర చట్టం అక్కడికి వెంటే వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వానికి దొరికిన వెసులుబాటు రాష్ట్ర ప్రభుత్వానిదే, ఒక స్థానిక సంస్థ కౌన్సిల్ తీర్మానంతో దాన్ని అందుకోలేదు.

పనిచేసిన దారి

ఇక్కడ ప్రశ్ననే మార్చాం. "మనం ప్రభుత్వమా కాదా" అన్నది వదిలేసి, ప్రతి కాగితం దగ్గరా "దీని కింద సంతకం ఏ అధికారంతో పడుతోంది" అని అడిగాం. వాడకం జాబితా రాస్తే 43 చోట్ల చిహ్నం తేలింది. వాటిని పరిమాణం బట్టి కాకుండా, మోసానికి ఎంత దగ్గరగా ఉన్నాయన్న దాన్ని బట్టి పేర్చాం. లేకపోతే అందరి కళ్లూ ఆర్చి మీదే ఉంటాయి. ఆర్చిని చూసి ఎవరూ డబ్బు కట్టరు.

మొదటి రోజే పాటదారు రసీదు పుస్తకాలు వెనక్కి తెప్పించారు. వాడినవి, వాడనివి వరస నంబర్లతో లెక్క రాసి, పురపాలక సంఘం పేరు, పాటదారు పేరు, వేలం ఉత్తర్వు నంబరు, ఒక్కో బండికి రేటు మాత్రమే ఉన్న కొత్త పుస్తకాలు ఇచ్చారు. కాంట్రాక్టు షరతుల్లో జాతీయ చిహ్నం గానీ రాష్ట్ర రాజముద్ర గానీ వాడకూడదన్న వాక్యం చేరింది. అద్దె నీటి ట్యాంకర్ల స్టిక్కర్లు, పన్ను వసూలు సాఫ్ట్‌వేర్ సంస్థ టెంప్లేట్లకూ అదే వాక్యం.

రెండోది ఐడీ కార్డులు. కాగితం ఫైల్లో ఉంటుంది, కార్డు మనిషితో తిరుగుతుంది, ఉద్యోగం మానేసినా జేబులోనే ఉంటుంది. పాత కార్డు ఇస్తేనే కొత్తది అన్న షరతు పెట్టారు. మానేసినవారి కార్డులు కొన్ని రానే లేదు. ఆ నంబర్లు రద్దయినట్టు నోటీసు బోర్డులో పెట్టారు.

కారు విషయం తేలిక. వాహనాల మీద చిహ్నం రెండో షెడ్యూలులోని పదవులకే పరిమితం, అందులో పురపాలక చైర్‌పర్సన్ లేరు. స్టిక్కర్ ఆ సాయంత్రమే తీసేశారు. విజిటింగ్ కార్డుల దగ్గర మాత్రం కౌన్సిలర్లు ఎదురు తిరిగారు, "ఎమ్మెల్యే వేసుకుంటే మేం వేసుకోకూడదా" అని. ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు మొదటి షెడ్యూలులో ఉన్నారు, కౌన్సిలర్లు లేరు. పదవి దిగాక మాజీ ఎమ్మెల్యేకూ ఆ హక్కు ఉండదు. పదవిలో ఉన్న ఎమ్మెల్యే కూడా చిహ్నం ఉన్న కార్డు మీద "అడ్వకేట్" లాంటి వృత్తి పేరు వేసుకోకూడదు. చిహ్నం హోదాను బట్టి కాదు, జాబితాను బట్టి వస్తుందని ఈ చివరి మాటతోనే వాళ్లకు అర్థమైంది.

సీళ్లు తొమ్మిది. ఒక్కోదాన్ని ఒకే తెల్లకాగితం మీద చివరిసారి వేసి, పక్కన ఏ సెక్షన్‌దో రాసి, తేదీతో ఇద్దరు అధికారుల సంతకాలు పెట్టి, ఆ తర్వాతే రబ్బరును అడ్డంగా కోశారు. ఆ కాగితం చాలా ముఖ్యం. రేపు పాత సీలుతో కొత్త తేదీ ఉన్న సర్టిఫికెట్ ఎవరైనా తెస్తే పోల్చి చూడటానికి అదొక్కటే ఆధారం. మిగిలిన లెటర్‌హెడ్ల పైభాగం కోసి ముక్కలు చేశారు, కింది కాగితం రఫ్ ప్యాడ్లకు పోయింది. ప్రభుత్వం నిర్దేశించిన నమూనాల్లో వచ్చే ఫారాలను మాత్రం ముట్టుకోలేదు. వాటి మీద ఏముండాలో నిర్ణయించేది పురపాలక సంఘం కాదు.

కొత్త చిహ్నానికి షరతులు: సింహాలు, ధర్మచక్రం, సత్యమేవ జయతే ఏవీ ఉండకూడదు, ఒకే రంగులో 12 మి.మీ. ఎత్తులో కూడా చదవగలగాలి, 0.3 మి.మీ. కన్నా సన్నని గీత ఉండకూడదు; "పురపాలక సంఘం" అన్న మాట బొమ్మ కన్నా ముందు కంటపడాలి. కౌన్సిల్ తీర్మానం చేసి, ప్రతిని పురపాలక పరిపాలన సంచాలకుల కార్యాలయానికి పంపారు.

ఇక్కడా ఒకటి తప్పింది

కొత్త సీలు మొదలైన వారంలోనే రెండు సర్టిఫికెట్లు తిరిగొచ్చాయి. ఒక బ్యాంకు శాఖ "ప్రభుత్వ సీలు లేదు" అని ఇంటి పన్ను మదింపు పత్రాన్ని తీసుకోలేదు. మరో కార్యాలయం నివాస ధ్రువీకరణను అదే కారణంతో వెనక్కి పంపింది. తప్పు మా ప్రణాళికలో ఉంది. సింహాలు తీయడం గురించి ఆలోచించాం గానీ, జనం ఆ సింహాలను దేనికి వాడుకుంటున్నారో ఆలోచించలేదు. కాగితం అసలుదా నకిలీదా అని తేల్చుకోవడానికి అందరూ చూసేది ఆ బొమ్మనే. డిస్పాచ్ నంబరు, సంతకం కింది పేరు, హోదా ఎవరూ చూడరు. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోగల బొమ్మను అసలుకు సాక్ష్యంగా తీసుకోవడం వల్లే పాటదారు రసీదు అన్నాళ్లు చెల్లింది.

తర్వాత సరిదిద్దారు. కొత్త సీలు ముద్ర, సంతకం చేసే అధికారుల నమూనా సంతకాలు, అమలు తేదీ ఉన్న ఒక పేజీ ఉత్తరం ఊళ్లోని బ్యాంకు శాఖలన్నిటికీ, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికీ వెళ్లింది. ప్రతి సర్టిఫికెట్ మీద దాన్ని ఏ నంబరుతో, ఎక్కడ సరిచూసుకోవచ్చో ఒక లైను చేరింది. ఇది అమలు తేదీకి రెండు వారాల ముందే వెళ్లాల్సింది. ఇంకోసారి ఇలాంటి పని ఒప్పుకుంటే కొత్త సీలు ఆర్డరు కన్నా ముందు ఈ ఉత్తరమే రాయిస్తాం.

మిగిలిన ముడి

కమిషనర్ రాష్ట్ర సర్వీసు అధికారి. పురపాలక సంఘం తరఫున సంతకం చేసేదీ ఆయనే, ఎన్నికల సమయంలో ఎన్నికల బాధ్యతతో సంతకం చేసేదీ ఆయనే. రెండో పనికి ఆ యంత్రాంగం ఇచ్చిన లెటర్‌హెడ్ ఉంటుంది. చేయి ఒకటే, అధికారాలు రెండు. ఇదివరకు రెండూ ఒకే కంప్యూటర్ ఫోల్డర్లో ఉండేవి, తొందరలో ఏది దొరికితే అది ప్రింటయ్యేది. ఇప్పుడు రెంటికీ వేర్వేరు డిస్పాచ్ రిజిస్టర్లు పెట్టారు. నంబరు వేసే గుమాస్తా లెటర్‌హెడ్ ఆ రిజిస్టరుకు సరిపోతేనే నంబరు ఇస్తారు. సాఫ్ట్‌వేర్‌తో చేయవచ్చన్నారు గానీ, అందరికన్నా చివర కాగితం చూసే మనిషి దగ్గర ఆపడమే మేలనిపించింది.

అప్పీలు విచారణ నాటికి మొదటి రెండు ప్రశ్నలకు "ఉత్తర్వు లేదు, వాడకం నిలిపివేశాం" అని, మూడోదానికి "అనుమతి ఇవ్వలేదు, రసీదులు వెనక్కి తీసుకున్నాం" అని తేదీలతో జవాబు ఇచ్చారు. ఆర్చి పని అన్నిటికన్నా చివర్లో జరిగింది. ముందు గుడ్డ కప్పి, తర్వాత సింహాలను ముక్కలు కాకుండా విడదీసి కిందికి దింపారు. ఆ చోట పూసిన సిమెంటు పాతదానితో కలవలేదు, రోడ్డు మీది నుంచి చూస్తే మచ్చ తెలుస్తూనే ఉంటుంది. దానికి రంగు వేయించే అంచనా ఇంకా కౌన్సిల్ ముందుకు రాలేదు.